నిద్రలో ఉన్నాయి, లేపొద్దు

ఆదివారం మధ్యాహ్నం

వదినా,

ఈ కవరు చూడగానే ఫోన్ చేసి ఉండొచ్చు కదా అంటారు. ఫోన్‌లో మీకు సగమే వినబడుతుంది, ఆ సగానికే తీర్పు చెప్పేస్తారు. ఇది మొత్తం విన్నాక చెప్పాల్సిన సంగతి, అందుకని కాగితం మీద పెడుతున్నాను. బడిలో ముప్పై ఏళ్లు పిల్లల రాతలు దిద్దిన చెయ్యి కదా మీది, నా తప్పులు కూడా దిద్దుకుంటూ చదవండి.

మీ తమ్ముడికి మతిమరుపు మొదలైందని డాక్టరు తేల్చినప్పుడే మీకు చెప్పాను. ఇంకా మొదట్లోనే ఉంది, నెమ్మదిగా సాగుతుంది, చేతులకి ఏదో ఒక పని కల్పించండి అన్నారు. కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో ముప్పై ఎనిమిదేళ్లు అద్దాలు అరగదీసిన మనిషికి నేనేం పని కల్పించను? నా కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టి, సరిచేయడానికి వచ్చిన బట్టలకి పాత కుట్లు విప్పమన్నాను. నాలుగు రోజులు నోరెత్తకుండా విప్పారు. ఐదో రోజు బయటికి వెళ్లి, అరచేతిలో పట్టేంత కుండీ ఒకటి పట్టుకొచ్చారు. పురుగుల్ని తినే మొక్కట. ఇంట్లో ఈగల్ని కొట్టడానికి నేనొకదాన్ని ఉన్నాను కదా, మళ్లీ ఇదెందుకు అన్నాను. ఆయన నవ్వి, కుండీని కిటికీలో పెట్టారు.

వేసవి గడిచేసరికి అవి మూడయ్యాయి. ఆకు చివర రెండు రెప్పలు, రెప్పల అంచున వెంట్రుకలు, అచ్చం కన్నులాగే ఉంటాయి. అద్దాల మనిషికి కళ్లలాంటి మొక్కలే దొరికాయి చూడండి. రెప్పల లోపల ఇంకా సన్నటి వెంట్రుకలు రెండు మూడు ఉంటాయి. "ఒకసారి తగిలితే మూసుకోదోయ్. దుమ్ము పడొచ్చు, చినుకు పడొచ్చు. వెంటనే రెండోసారి తగిలితేనే మూసుకుంటుంది. ఊరికే మూసుకుంటే దానికే నష్టం" అని నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు. మతిమరుపుతో చెప్పారో, ముచ్చటపడి చెప్పారో నాకు తెలీదు. వంటింటి కిటికీకి ఇంకో రకం వేలాడదీశారు. ఆకుల చివర చిన్న చిన్న కూజాలు, ప్రతి కూజాకీ ఒక మూత. మూత ఉన్నా ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుందని దానికి "అక్క" అని పేరు పెట్టారు. నేను కాదు వదినా, మీ తమ్ముడే పెట్టారు. కుళాయి నీళ్లు వీటికి విషమట. బాల్కనీలో బేసిన్లు పెట్టి వాననీళ్లు పట్టి, సీసాల్లో నింపి, ఒక్కో సీసాకీ "వాన" అని చీటీ అంటించారు. స్నానాల గదిలో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

నవ్వు ఇక్కడితో సరి. చలి మొదలైనప్పటి నుంచి ఆయన వాలకం బాగాలేదు. పై అంతస్తు వాళ్ల తలుపుకి మన తాళంచెవి పెట్టి పావుగంట తిప్పారు. ఒక పొద్దున స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఎప్పుడో మానేసిన దుకాణానికి బయల్దేరారు. మొన్న సూది అనే మాట గుర్తురాక "ఆ సన్నది, నీది" అన్నారు. పోయిన నెల డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, "దారి తప్పడం, మాట మర్చిపోవడం వరకూ ఇంట్లోనే చూసుకోవచ్చమ్మా. వస్తువులు ఉండకూడని చోట పెట్టడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయొద్దు. చెప్పులు ఫ్రిజ్‌లో, తాళాలు పంచదార డబ్బాలో, అలాంటివి. రేపు పొయ్యి మీద ఏం పెడతారో చెప్పలేం" అన్నారు. ఆ మాట నా చెవిలో అలా ఉండిపోయింది.

మొన్న గురువారం పొద్దున టమాటాల కోసం ఫ్రిజ్ కింది అర లాగాను. వెనకాల ఒక అట్టపెట్టె ఉంది. దాని మీద ఆయన గుండ్రటి అక్షరాలు: "నిద్రలో ఉన్నాయి. లేపొద్దు." తెరిస్తే మూడు ప్లాస్టిక్ సంచులు. ఒక్కోదాంట్లో గుప్పెడు తడి నాచు, నాచు మధ్యలో మురిగిన చిన్న ఉల్లిపాయలాంటిది, దాన్ని పట్టుకుని నల్లగా మాడిన ఆకు తొడిమలు. కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. మూడు కుండీలూ ఖాళీ. కంటికి రెప్పలా పెంచుకున్న మొక్కల్ని తన చేత్తోనే పీకి, ఆకులు కత్తిరించి, కూరగాయల వెనక దాచారు. ఇవేమిటి ఫ్రిజ్‌లో అని అడిగాను. పేపరులోంచి తలెత్తి, "అవి నిద్రపోవాలి. బయట ఉంచితే ఈ ఊరి చలికి గడ్డకట్టి చస్తాయి, ఇంట్లో ఉంచితే వెచ్చదనానికి నిద్రపట్టదు. అందుకని అక్కడ పెట్టాను. మూడు నెలలకి లేస్తాయి" అన్నారు. ఎంత నెమ్మదిగా, ఎంత మామూలుగా చెప్పారో. అదే నన్ను భయపెట్టింది. రెండు సంచులు ఆయన ముందే చెత్తబుట్టలో పారేశాను. మూడోది గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు, ఎంత లాగినా ఇవ్వలేదు. పోనీ అని వదిలేశాను.

మధ్యాహ్నమే డాక్టరుకి చెప్పాను. ఆయన రాసుకున్నారు. మతిమరుపు వాళ్లని చూసుకునే హోమ్ ఒకటి ఉంది, శుభ్రంగా ఉంటుంది, బస్సులో గంట దూరం. వాళ్లకి ఇంటి మనుషులు ఇద్దరి సంతకం కావాలి. పిల్లలు లేరు, నా తరవాత ఆయనకి మీరే. కాగితం ఇందులో పెట్టాను. మొదటి గీత మీద నాది ఉంది. రెండో గీత మీద మీరు పెడతారో లేదో మీ ఇష్టం. నేను మాత్రం అలిసిపోయాను.

మీ మరదలు


శనివారం

వదినా,

మీ సంతకం అందింది. దాంతోపాటు మీరు రాసిన ఒక్క వాక్యం కూడా. "ఫ్రిజ్ సంగతి చదివాక ఇంక నేను అడగడానికేం లేదు." ఎప్పుడూ నాలుగు పేజీలు రాసే మనిషి ఒక్క లైను రాస్తే ఏమనుకోవాలో తెలియలేదు. ఏడ్చి ఉంటారని మాత్రం అనుకున్నాను. కాగితం మూల నీళ్లు పడి ఎండినట్టు ఉంది.

ఆయన్ని దిగబెట్టి పది రోజులైంది. గొడవ చేస్తారేమోనని భయపడ్డాను. ఏమీ చేయలేదు. పెద్ద కోటు వేసుకున్నారు, బస్సులో ఉక్కపోస్తున్నా విప్పలేదు, కుడి చెయ్యి జేబులోంచి తీయలేదు. అక్కడ గది చూపించారు. మంచం, కుర్చీ, కిటికీ. కిటికీ గట్టు మీద వేలితో రాసి దుమ్ము చూసుకున్నారు, అద్దాల దుకాణంలో బల్ల చూసుకున్నట్టే. నేను బయల్దేరుతుంటే, "సాయంత్రం తొందరగా వచ్చెయ్" అన్నారు. వస్తానన్నాను. వదినా, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకి నేను చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, అది ఒక్కటీ ఒక ఎత్తు.

నాలుగో రోజు అక్కడి నర్సు ఫోన్ చేసింది. మందులు పెట్టే ఫ్రిజ్‌లో, ఇంజెక్షన్ల మధ్య, ప్లాస్టిక్ సంచిలో బురద పెట్టారట. ఇంట్లో కూడా ఇలాగే చేసేవారా అని అడిగింది. చేసేవారు అన్నాను. అందుకే కదా తీసుకొచ్చారు అంది. ఔనన్నాను. కోటు జేబులో ఏముందో అప్పుడు అర్థమైంది. పారేయిస్తున్నాం అంది ఆవిడ. సరే అన్నాను.

ఆయన్ని దిగబెట్టి ఇంటికి వచ్చాక సీసాలన్నీ పారబోశాను. పద్దెనిమిది సీసాల వాన. కుండీలు కడిగి బోర్లించాను. "అక్క" మాత్రం వంటింట్లోనే ఉంది, కుళాయి నీళ్లే పోస్తున్నాను, నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. మీ పేరున్న దాన్ని పారేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

మీకు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి వారం నాకు హాయిగా ఉంది. ఒక పెళ్లిబట్ట మొత్తం, ఎవరూ మధ్యలో లేపకుండా, కూర్చున్న చోటినుంచి కదలకుండా కుట్టాను. గ్యాసు కట్టేశారా లేదా అని చూడ్డానికి కాక, నా కోసం నేను టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లాను. ఒళ్లెరగకుండా నిద్రపోయాను. ఇది మీ తమ్ముడి గురించి మీకే రాయడం సిగ్గుగానే ఉంది. ఇంకెవరికి చెప్పుకోను?

మీ మరదలు


మంగళవారం, పొద్దున మొదలుపెట్టాను

వదినా,

కూర్చుని చదవండి. చదివాక నన్నేమన్నా పడతాను.

నిన్న ఆ ఖాళీ కుండీలు, సగం మిగిలిన నాచు సంచి తీసుకుని మొక్కల దుకాణానికి వెళ్లాను, ఎవరికైనా పనికొస్తాయి కదా అని. దుకాణం నడిపే ఆవిడది నా వయసే ఉంటుంది, గోళ్ల నిండా మట్టి. కుండీలు చూడగానే గుర్తుపట్టింది. "కళ్లజోళ్ల సార్‌వి కదూ? ఆయన రాలేదేం? మొక్కలు ఫ్రిజ్‌లో బాగున్నాయా, బూజు పట్టలేదు కదా?" అంది.

వెటకారం చేస్తోందనుకున్నాను. మా ఇంటి సంగతి ఈ వీధి దాకా పాకిందని ఒళ్లు మండింది. "మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరో చెప్పడమేమిటండీ, నేనే కదా ఆయనకి చెప్పింది. మూడుసార్లు చెప్పించుకున్నారు. నాకు మతి నిలవడం లేదమ్మా, నెమ్మదిగా చెప్పు రాసుకుంటాను అన్నారు. ఆకులు నల్లబడగానే చచ్చిందని పారేస్తారు జనం. చలికాలం ముందే వచ్చి అడిగింది ఆయనొక్కరే."

నా మొహంలో ఏం చూసిందో ఏమో, "రండి" అని వెనక గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ ఒక పాత ఫ్రిజ్ ఉంది. తలుపు తీసింది. వదినా, పై అర నుంచి కింది అర దాకా సంచులే. తడి నాచు, నాచులో మురిగిన ఉల్లిపాయలు, వాటి మీద చీటీలు. ఒక మూల ఆవిడ మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న డబ్బా కూడా ఉంది. ఒక సంచి విప్పి, ఆ ఉల్లిపాయలాంటి దాన్ని గోటితో కొంచెం గీరి చూపించింది. తెల్లగా, తడిగా, గట్టిగా ఉంది. "బతికే ఉంది. ఈ మూడు నెలలు చల్లగా, ఎవరూ కదపకుండా ఉంటే చాలు. లేకపోతే అలిసిపోయి ఒకటి రెండేళ్లలో చచ్చిపోతాయి" అంది.

నేను అక్కడే, బస్తాల మీద కూర్చుండిపోయాను. ఆవిడ మంచినీళ్లిచ్చింది. ఎవరైనా పోయారా అని అడిగింది. పోలేదు, నేనే పంపించాను అన్నాను.

డాక్టరు కాగితంలో, హోమ్ కాగితంలో, మీకు రాసిన ఉత్తరంలో నేను అసలు సాక్ష్యంగా పెట్టింది ఆ ఒక్క విషయమే. ఈ చలికాలం మొత్తంలో మీ తమ్ముడు చేసిన పనులన్నిటిలోకీ తెలివైన పని అదే. దారి తప్పిన మనిషి, సూది పేరు మర్చిపోయిన మనిషి, ఈ ఒక్కటి మర్చిపోకూడదని మూడుసార్లు అడిగి, రాసుకుని, నేర్చుకుని, తన చేతులతో మొక్కల వేళ్లు తెగకుండా తీసి, ఆకులు కత్తిరించి, నాచులో చుట్టి పడుకోబెట్టారు. దాన్ని చూపించి నేను ఆయన్ని పిచ్చివాణ్ణి చేశాను. ఆ అట్టపెట్టె మీది చీటీ కూడా తన కోసం రాసుకున్నదే. తనే మర్చిపోయి పారేస్తానేమోనని భయపడి ఉంటారు. పారేసేది నేనని అనుకుని ఉండరు.

పొరపాటే కదా అని మీరు సర్దిచెబుతారని తెలుసు. అందుకే మిగతాది కూడా చెబుతాను. ఆ రోజు ఆయన జవాబు విన్నప్పుడు, అందులో పిచ్చి మాట ఒక్కటీ లేదని నాకు ఎక్కడో తట్టింది. అంత వరసగా ఈమధ్య ఆయన ఏదీ చెప్పలేదు. ఎవరు చెప్పారండీ అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే దుకాణం ఆవిడ పేరు చెప్పేవారు. రెండు వీధుల అవతలే దుకాణం. నేను అడగలేదు. ఎందుకంటే వదినా, నాకు అడగాలని లేదు. పది నెలలుగా రోజూ ఒకే మాటకి పదిసార్లు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. డాక్టరు చెప్పిన గుర్తు కళ్ల ముందు కనబడేసరికి భయపడ్డాననే మీకు రాశాను. భయంతోపాటు, అమ్మయ్య అని కూడా అనిపించింది. ఆ మాట మీకు రాయలేదు. ఆయన మొక్కే నయం, ఒకసారి తగిలితే మూసుకోదు. నేను మొదటిసారికే మూసుకుపోయాను.

మతిమరుపు లేదని అనడం లేదు. ఉంది. పోయిన రెండుసార్లు వెళ్లినప్పుడు నన్ను దుకాణానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు. కానీ అది ఇంట్లో ఉండగా రావాల్సింది, నా పక్కన కూర్చుని ఉండగా రావాల్సింది. నేను ఆయన్ని తీసుకొచ్చేస్తాను. మీ సంతకంతో పంపాను, మీ మాట లేకుండా తేను. ఆ సంతకం వెనక్కి తీసుకున్నానని ఒక లైను రాయండి. తిట్టాలనుకుంటే మిగతా పేజీ అంతా తిట్టండి.

మీ మరదలు


శుక్రవారం

వదినా,

మీరు తిట్టలేదు. "నేనూ ఒక్క ప్రశ్న అడగకుండానే సంతకం పెట్టాను, ఇద్దరికీ కలిపి సున్నా మార్కులే" అని రాశారు. ఆ మాట చదివి చాలాసేపు మిషన్ మీద తలపెట్టుకుని ఉండిపోయాను.

నిన్న హోమ్‌కి వెళ్లాను. అక్కడి పెద్దావిడ నా మాట వింటూనే తల అడ్డంగా ఊపింది. "చోటు మారితే కొందరు ఒక్కసారిగా జారిపోతారండీ. ఈ నెలన్నరలో ఆయన బాగా మారిపోయారు. వచ్చినప్పుడు ఇంట్లో ఉంచుకోదగ్గ మనిషే, నిజం చెప్పాలంటే. ఇప్పుడే కదా మా అవసరం, ఇప్పుడు తీసుకెళ్తారా?" అంది. మంచి మనిషే, ఉన్నమాటే చెప్పింది. ఇప్పుడే తీసుకెళ్తాను అన్నాను.

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డారు. "రండి, కూర్చోండి. అద్దాలు మార్చాలా?" అన్నారు.

వదినా, ముప్పై రెండేళ్లలో ఆయన నన్ను "మీరు" అనడం అదే మొదలు. పెళ్లిచూపుల్లో కూడా నువ్వు అనే అన్నారు, మీరే ఆయన్ని కసిరారు, గుర్తుందా.

ఏం చెప్పాలో తోచక, "మొక్క చూద్దామని వచ్చానండీ" అన్నాను. ఏ మొక్కా లేదని, పారేయించారని తెలిసి కూడా ఆ మాటే వచ్చింది.

ఆయన గుమ్మం వైపు చూసి, అక్కడ పక్కలు సర్దుతున్న ఆయాని సైగ చేసి పిలిచారు. ఆవిడ అటూ ఇటూ చూసి వెళ్లి, తమ సొంత తిండి పెట్టుకునే ఫ్రిజ్‌లోంచి ఒక సంచి కొంగు కింద పెట్టుకుని తెచ్చింది. "నర్సమ్మ పారేయమందమ్మా. ఈయన రోజూ పొద్దున్నే లేచిందా, లేచిందా అని అడుగుతుంటే చేతులు రాలేదు. ఏముందో నాకు తెలీదు, నిద్రపోతోందంటారు, సరే పోనిద్దాం అనుకున్నాను" అంది. చదువుకోని ఆ మనిషి చేసింది అంతే వదినా. పోనిద్దాం అనుకుంది.

ఆయన సంచి విప్పి నాకు చూపించారు. "చచ్చిందనుకుంటారు చూసినవాళ్లు. చావలేదు. ఇంకో మూడు వారాలు చలి కావాలి దీనికి" అన్నారు. ఆ తరవాత నావైపు వంగి, గొంతు తగ్గించారు. "ఇక్కడ పట్టుబడితే కష్టం. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?"

"ఉందండీ."

"టమాటాల వెనక పెట్టండి, అక్కడ చలి సరిగ్గా సరిపోతుంది. మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి. చూస్తే పారేస్తుంది." నేనేమైనా అనుకుంటానేమో అన్నట్టు, "చెడ్డది కాదు. అలిసిపోయి ఉంది" అన్నారు.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన కంగారుపడతారని పళ్ల బిగువున ఆపుకున్నాను. "దీన్ని చూసుకోవడం నాకు రాదండీ. మీరు కూడా వస్తే బాగుంటుంది" అన్నాను. ఆలోచించారు. మీ ఇంట్లోవాళ్లకి ఇబ్బంది కాదు కదా అని అడిగారు. ఇంట్లో నేనొక్కదాన్నే అన్నాను. అయితే వస్తాను, మొక్క లేచేదాకా ఉంటాను అన్నారు. సోమవారం తీసుకొస్తున్నాను.

ఇవాళ వాన పడింది. ఉన్న బేసిన్లన్నీ బాల్కనీలో పెట్టాను. చీటీల మీద "వాన" అని నేనే రాశాను, నా అక్షరాలు ఆయనవిలా గుండ్రంగా రాలేదు.

మీ మరదలు


ఆదివారం పొద్దున

వదినా,

మీ మోకాళ్లు బాగుపడితే ఒకసారి రండి. మీ పేరున్న మొక్క రెండు కొత్త కూజాలు తొడిగింది, రెండూ నోరు తెరుచుకునే ఉన్నాయి. వాననీళ్లు పడ్డాయి కదా, ఇంక దాన్ని పట్టేవాళ్లు లేరు.

ఆయన మా ఇంట్లో అతిథిలా ఉంటున్నారు. పొద్దున్నే దుప్పటి నాలుగు మడతలు పెట్టి మంచం చివర పెడతారు. మంచినీళ్లు కావాలన్నా అడిగి తీసుకుంటారు. నేను మిషన్ మీద కూర్చుంటే దూరంగా కుర్చీ వేసుకుని, కుట్టు విప్పాల్సినవి ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నా లేకపోయినా ఇస్తాను. ఒకరోజు కుట్టినవే ఇచ్చాను, విప్పారు, మళ్లీ కుట్టుకున్నాను. రోజూ పొద్దున రెండు ప్రశ్నలు అడుగుతారు. "లేచిందా?" అని ఒకటి. "మా ఆవిడ వచ్చిందా?" అని రెండోది. మొదటిదానికి ఇంకా లేదండీ అనేదాన్ని. రెండోదానికి దారిలో ఉందండీ అంటాను. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, నమ్మండి. పదిసార్లు అడిగితే పదిసార్లూ చెబుతున్నాను.

మూడు వారాలు నిండాక దుకాణం ఆవిడ వచ్చి చూసి, ఇంక బయటికి తీయొచ్చు అంది. ఆయనే కుండీలో పెట్టారు. ఆ పని మాత్రం మర్చిపోలేదు. కిటికీలో, వాననీళ్ల పళ్లెంలో పెట్టాం. పదిహేను రోజులు ఏమీ లేదు. నల్లటి ముద్ద తప్ప ఏమీ కనబడలేదు. ఇది కూడా పోయిందని, దీన్ని కూడా నేనే చంపానని లోపల లోపల తేల్చేసుకున్నాను. పారేయలేదు మాత్రం.

ఇవాళ పొద్దున ఆయన నన్ను పిలిచారు. ముద్ద మధ్యలోంచి ఆకుపచ్చటి చుక్కలు మూడు లేచాయి. వాటిలో ఒకటి ఇవాళే విచ్చుకుంది, గోరంత కూడా లేదు, రెండు రెప్పలు, అంచున వెంట్రుకలు. నా మిషన్ దగ్గరికి వచ్చి, "ఆ సన్నది ఇవ్వండి, మీది" అన్నారు. సూది ఇచ్చాను. సూది మొనతో లోపలి వెంట్రుకని ఒకసారి తాకించి చూపించారు. రెప్పలు కదల్లేదు.

"చూశారా, ఒకసారికి మూసుకోదు. ఆగుతుంది."

"రెండోసారి తాకించండి" అన్నాను.

"వద్దండీ. ఇప్పుడే కదా లేచింది. ఊరికే అలిసిపోతుంది" అని సూది నాకు తిరిగి ఇచ్చేశారు. కుండీని ఎండవైపు కొంచెం తిప్పి, వంగి చాలాసేపు చూసుకున్నారు. తరవాత, ఎవరితోనో పందెం గెలిచినట్టు నవ్వి, "ఇంక దాచక్కర్లేదు. మా ఆవిడ రాగానే దీన్నే చూపిస్తాను. అప్పుడు నమ్ముతుంది" అన్నారు.

నమ్ముతుందండీ అన్నాను.

మీ మరదలు